పనిమంతునికి పైచదువు ఎందుకు?

లేపాక్షి వీరభద్రాలయానికి వచ్చిన ప్రతివారూ నేలను పూర్తిగా తాకని స్తంభం క్రింద నుండి ఉత్తరీయం లాగి చూచి ఆశ్చర్యపడతారు. అసంపూర్ణంగా మిగిలిన కల్యాణమంటపం ముందు ఆగి ఆలోచించేవారు మాత్రం అరుదు. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలాన, విజయనగర రాజ్యోద్యోగులైన విరూపణ్ణ, వీరన్న సోదరులు ఈ ఆలయాన్ని కట్టించారు. రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము వెచ్చించాడన్న నింద విరూపణ్ణపై పడిందనీ, అతడు తన కన్నులను తానే పెరికివేసుకున్నాడనీ, మంటపం పని అంతటితో ఆగిపోయిందనీ జనశ్రుతి. ఇందులో చరిత్ర ఎంత, కథ ఎంత అన్న విచారణ అటుంచుదాము. ఆ కథ ప్రకారం శిల్పి ఉలి తప్పలేదు. తప్పినది లెక్క, తప్పినది అనుమతి.

పని తెలియడం వేరు, పనిని నడిపించడం వేరు. ఉర్దూలో హునర్ అనీ, ఇల్మ్ అనీ రెండు మాటలున్నాయి. మన యువకులలో మొదటిదానికి కొరత లేదు. హిందూపురం వీధులలో ఉస్తాదు దగ్గర ఇంజను విప్పి బిగించడం నేర్చిన బాలురున్నారు. ధర్మవరం మగ్గాల మీద జాకార్డు అట్టల లెక్క చూపుతోనే చెప్పగల నేతగాండ్రున్నారు. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదివి తూముకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలలో పనికి కుదిరినవారున్నారు. పెనుకొండ సమీపాన కియా కార్ల కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరి, 2019లో ఉత్పత్తి ఆరంభమైనది. ఏటా 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో వచ్చిన ఆ కర్మాగారం వల్ల ఈ కరవుసీమకు ఒక కొత్త ప్రపంచం పరిచయమైనది.

అయితే ఆ ప్రపంచంలో మనవారి స్థానం ఏది? ఒక కర్మాగారంలో పదేండ్లుగా పనిచేస్తున్న మా పూర్వవిద్యార్థి ఒకడు ఇటీవల మమ్ములను చూడవచ్చి ఇట్లన్నాడు: "సార్, మిషను ఆగితే నన్ను పిలుస్తారు. కొత్త మిషను కొనాలంటే మాత్రం నన్ను పిలవరు." ఈ రెండు వాక్యాలలో మా వ్యాసమంతా ఉన్నది. ఏ యంత్రం కొనాలి, దాని ఖర్చు ఎన్నేండ్లకు తిరిగివస్తుంది, సరకు ఎంత నిలువ ఉంచాలి, ఏ పనికి ఎందరు కావాలి - ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పే శాస్త్రమే ఇంజనీరింగు నిర్వహణశాస్త్రం. అది తెలియనంత కాలం మనవాడు పిలిస్తే వచ్చేవాడే గాని, పిలిచేవాడు కాలేడు.

ఈ శాస్త్రం నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ 1914లోనే ఇంజనీరింగు పరిపాలన అనే పాఠ్యక్రమాన్ని ప్రారంభించినది. మన దేశంలో 1963లో బొంబాయిలో ఇందుకై ఏర్పడిన జాతీయ సంస్థ నైటీ, 2023లో ఐ.ఐ.ఎం. ముంబయిగా మారినది. ఈ శాస్త్రానికి ఆద్యులలో ఒకడైన ఫ్రెడరిక్ టేలర్ తొలుత యంత్రశాలలో శిక్షణ పొందిన కార్మికుడు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేస్తూనే చదివి 1883లో ఇంజనీరింగు పట్టా పొందినాడు. పనిచేస్తూ చదవడం ఈ శాస్త్రానికి పుట్టుకతో వచ్చిన లక్షణమే.

టేలర్ కథలో మరొక పాఠమూ ఉన్నది. మనిషి పనిని గడియారంతో కొలిచే అతని పద్ధతిని వాటర్‌టౌన్ ఆయుధాగారంలో ప్రవేశపెట్టగా, 1911లో అక్కడి కార్మికులు సమ్మె చేసినారు. మనిషి మనసు ఎరుగని నిర్వహణ ఎంత శాస్త్రీయమైనా నిలువదు. మేము తెలుగు బోధించేవారము. యంత్రాల సంగతి మాకేమి తెలుసునని కొందరు నవ్వవచ్చు. మన ప్రాంతపు కర్మాగారంలో కార్మికుడు తెలుగులో, ఉర్దూలో, కన్నడంలో మాట్లాడుతాడు. ఆజ్ఞలు ఇంగ్లీషులో వస్తాయి. ఈ ఇద్దరి నడుమ నిలిచి, ఒకరి కష్టం ఒకరికి తెలియజెప్పగలవాడే నిజమైన నిర్వాహకుడు. రెండు మూడు భాషల నడుమ పెరిగిన మన విద్యార్థులకు ఈ శక్తి ఇంటి నుండే వచ్చినది. దానికి శాస్త్రం తోడు కావలెను.

మరి చదివేది ఎక్కడ? అనంతపురంలో ఇంజనీరింగు కళాశాల 1946లోనే వెలసినది. కాని షిఫ్టు పనివాడు పగటి తరగతికి పోలేడు. 1979లో బిట్స్ పిలానీ ఉద్యోగస్థుల కోసం పాఠ్యక్రమాలు ఆరంభించినది. 1982లో, నేడు అంబేద్కర్ పేరు ధరించిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1985లో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసినవి. కనుక ద్వారాలు లేకపోలేదు. అయితే ప్రతి ద్వారమూ గమ్యానికి చేర్చదు. తగిన అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్య ద్వారా ఇచ్చిన ఇంజనీరింగు పట్టాలు చెల్లవని 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. జీతంలో మిగిల్చి రుసుము కట్టిన ఎందరి ఆశలో ఆ తీర్పుతో కూలినవి. తప్పు చేసినది సంస్థలు. శిక్ష పడినది పనివానికి. కనుక ప్రకటన చూచి చేరరాదు. యు.జి.సి., ఏ.ఐ.సి.టి.ఇ. అనుమతి ఆ పాఠ్యక్రమానికి, ఆ సంవత్సరానికి ఉన్నదో లేదో చూచిన తరువాతనే రూపాయి చెల్లించవలెను.

"అనుభవం చాలదా? పట్టా ఉంటే పదోన్నతి వస్తుందన్న హామీ ఏది?" అని అడిగేవారున్నారు. హామీ లేదు. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసి వచ్చినవాడు రాత్రి గణాంకశాస్త్రం ముందు కూర్చోవడం సులభమనీ మేము చెప్పము. పెండ్లి అయినవానికి ఇంటి భారం, ఉద్యోగినికి ఇంటా బయటా రెండు షిఫ్టులు. కాని అర్హత లేనప్పుడు అవకాశం వచ్చినా అందుకోలేము. అనుభవం నిన్నటి యంత్రాన్ని నేర్పుతుంది. రేపటి యంత్రాన్ని ఎంచుకోవడం చదువే నేర్పవలెను.

ఇందులో కళాశాల బాధ్యత లేదా? పట్టా చేతికిచ్చి సాగనంపడంతో మన పని ముగియదు. కమిటీ పెద్దలకు మూడు విన్నపాలు. ఆదివారాలలోనూ, పనిదినాల సాయంకాలాలలోనూ గ్రంథాలయాన్ని, రెండు తరగతి గదులను ఉద్యోగస్థులైన పూర్వవిద్యార్థులకు తెరచి ఉంచవలెను. గణితం, లెక్కలపద్దు, ఇంగ్లీషు మరచినవారికి మా అధ్యాపకులు కొన్ని వారాలు ఉచితంగా పాఠాలు చెప్పుదురు. అందుకు మేము సిద్ధము. అనుమతులు పరిశీలించి చెప్పే సలహాకేంద్రం ఒకటి నెలకొల్పి, దాతల సహాయంతో కర్జె హసనా, అనగా వడ్డీ లేని అప్పు, కొందరికైనా ఇప్పించవలెను. ఇందుకు కొత్త భవనాలు అక్కరలేదు. ఉన్న దీపాలు మరి రెండు గంటలు వెలిగితే చాలును.

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ సారి లేపాక్షికి విహారయాత్ర పోయినప్పుడు వ్రేలాడే స్తంభం చూచిన తరువాత ఆ సగం మంటపం దగ్గర కూడ కొంతసేపు నిలబడండి. దానిని చెక్కిన చేతులవంటి చేతులు మన ఇండ్లలోనూ ఉన్నవి. ఆ చేతులు మొదలుపెట్టిన పనిని చివరిదాకా నడిపించే చదువు కూడ మన ఇండ్లలోకి రావలెనని మా కోరిక.