ఊక బూడిదకు ధర కట్టాలి

బియ్యం, నూక, తవుడు, ఊక అన్నిటికీ బజారులో ధర ఉన్నది. మిల్లు బాయిలరులో ఊక కాలగా మిగిలే బూడిదను మాత్రం చాలాచోట్ల అడిగేవారు లేరు. క్వింటాలు ధాన్యానికి ఊక సుమారు 20 కిలోలు. అది కాలితే బూడిద 4 కిలోలు. ఈ బూడిద రోడ్ల పక్కన, కాలువ గట్లపై గుట్టలు పడి, గాలికి లేచి బాటసారుల కళ్లలో, పొలాలలో పడుతున్నది.

ఇందులో అధికభాగం సిలికా. కరిగిన ఉక్కు వేడి తగ్గకుండా పైన కప్పడానికి, సిమెంటులో కలపడానికి, ఇటుకలకు ఇది పనికివస్తుంది. సిమెంటుకు బాగా కాలిన తెల్లబూడిదే మేలు. కనుక మిల్లర్లు తెలుపు, నలుపు వేరుచేసి కప్పు కింద నిలవ చేయాలి. దళారులు మచ్చు చూపి బేరం కుదర్చాలి. ధర పలికే సరుకును ఎవరూ కాలువలో పోయరు.