సర్వర్ ఆగింది రేవులో, రేటు పడింది చెరువు గట్టున

పట్టుబడి రోజు తెల్లవారుజామున మూడింటికే వల మనుషులు చెరువులోకి దిగారు. వెనామీ, 60 కౌంటు. ముందు రోజు సాయంత్రమే ఏజెంటుతో రేటు మాట్లాడుకున్నాం. ఐసు వచ్చేసింది, ట్రేలు గట్టు మీద ఉన్నాయి. నాలుగున్నరకు ఫోను.

"బాబాయ్, రేవులో కస్టమ్స్ సర్వర్ పని చేయట్లేదంట. కిలోకు 20 తగ్గించి కొనమని ప్లాంటు వాళ్లు చెప్పారు. ఎత్తమంటే ఎత్తుతాం, లేదంటే మీ ఇష్టం."

నీళ్లు సగం తీసేసిన చెరువులో రొయ్యను మళ్లీ ఉంచలేం గదా. ఎత్తించాను. మూడో రోజుకు సర్వర్ వచ్చిందన్నారు. నా 20 రూపాయలు మాత్రం రాలేదు.

అసలు సంగతేమిటో తెలుసుకుందామని ఎగుమతి కాగితాలు చూసే ఒకతన్ని అడిగాను. ఎగుమతిదారు షిప్పింగ్ బిల్లును ఐస్‌గేట్ అనే పోర్టల్లో పెట్టాలి. పెట్టెను తెరిచి చూడాలో అక్కర్లేదో కస్టమ్స్ కంప్యూటరే చెబుతుంది. ఆ తర్వాత అధికారి అనుమతి ఇస్తేనే కంటైనరు ఓడ ఎక్కుతుంది. రొయ్యల కంటైనరులో మైనస్ 18 డిగ్రీల చలి తప్పకూడదు కాబట్టి రేవులో ఉన్నంతసేపూ కరెంటు ప్లగ్గులోనే ఉండాలి. సర్వర్ ఆగినా కరెంటు చార్జీ ఆగదు, నేల అద్దె ఆగదు. ఓడ కూడా ఎవరి కోసమూ ఆగదు. ఎగుమతిదారుకు నష్టం నిజమే, కాదనను. కానీ దాన్ని కిందికి తోసెయ్యడానికి ఆయనకు మనం ఉన్నాం. మనకు కింద ఎవరున్నారు, చెరువులో బురద తప్ప?

ఇది మన ఒక్కరి కథే కాదు. 2021 జూలైలో దక్షిణాఫ్రికాలో రేవులు నడిపే ట్రాన్స్‌నెట్ సంస్థ కంప్యూటర్ల మీద సైబర్ దాడి జరిగింది. డర్బన్ రేవులో కంటైనర్ల పని కాగితాల మీదికి వచ్చి బాగా నెమ్మదించింది. అది వాళ్లకు నారింజ, నిమ్మజాతి పండ్ల ఎగుమతి కాలం. అక్కడ పడిపోయింది కస్టమ్స్ సర్వర్ కాదు, రేవు సర్వర్. అయితేనేం, పండు ఆగితే పడే దెబ్బ ఒకటే. 2017లో మేర్స్క్ అనే పెద్ద ఓడల కంపెనీకీ ఇలాంటి దెబ్బే తగిలి, ముంబై దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఒక టెర్మినల్ పని కుంటుపడింది.

కంప్యూటర్లు వద్దని నేననను. కాగితాల రోజుల్లో బల్ల బల్లకూ చెయ్యి తడపాల్సి వచ్చేదని పాతవాళ్లు చెబుతారు. ఆ రోజులు మళ్లీ ఎవరికి కావాలి? నేనడిగేది, యంత్రం పడిపోయిన పూట ఏం చేస్తారని. కస్టమ్స్ చట్టం 50వ సెక్షన్‌లోనే ఉంది: కంప్యూటర్లో బిల్లు పెట్టడం సాధ్యం కానప్పుడు వేరే పద్ధతిలో తీసుకోవడానికి కమిషనర్ అనుమతించవచ్చు. "అనుమతించవచ్చు" అన్న చోటే మన పీక తెగుతోంది. ఎన్ని గంటలకు అనుమతించాలి? ఎవరు అడగాలి? ఆ ఫైలు కదిలేలోపు చెరువు ఖాళీ అయిపోతుంది.

సర్వర్ ఆగి నాలుగు గంటలు దాటితే, పాడైపోయే సరుకుకు కాగితం మీద క్లియరెన్స్ దానంతటదే మొదలవ్వాలి. ఆ రోజులకు కరెంటు చార్జీ, నేల అద్దె వసూలు చేయకూడదు. ఎప్పుడు ఆగింది, ఎప్పుడు వచ్చింది అన్నది అదే రోజు తెలుగులో బయటపెట్టాలి. ఈ మూడోదే నాకు ముఖ్యం. ఎందుకంటే సర్వర్ బాగానే ఉన్న రోజున కూడా "సర్వర్ డౌన్" అని రేటు కోసేవాళ్లు ఉన్నారని నా అనుమానం. షిప్పింగ్ బిల్లులో రైతు పేరు ఎక్కడా ఉండదు. అబద్ధమో నిజమో తేల్చుకునే దారి మనకు లేదు.

అందుకని సోదరులారా, రేవు పేరు చెప్పి రేటు తగ్గించిన ప్రతిసారీ తేదీ, కౌంటు, ముందు రోజు రేటు, ఇచ్చిన రేటు, చెప్పిన కారణం ఒక చీటీ మీద రాసి మండల కమిటీకి ఇవ్వండి. తూకం చీటీ ఉంటే జతచేయండి. నాది ఇప్పటికే ఇచ్చాను.