భూతం కూడా మనిషేనా?

మొన్న ఆదివారం మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఒక జిన్ చచ్చిపోయింది. బేరానికొచ్చింది పాపం. "ఎలిమెంటలేగా!" అని మావాళ్లు కత్తి దూశారు. ఎదురుగా ఎల్ఫ్ ఉంటే ఆ మాట అనేవాళ్లా?

తప్పు మావాళ్లది మాత్రమే కాదు. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ప్రాణులన్నిటినీ 14 రకాలుగా విడగొట్టింది. అందులో మామూలు మనిషి తెలివి 10. సుడిగాలిలాంటి ఎయిర్ ఎలిమెంటల్‌ది 6, జిన్‌ది 15. అయినా ఆ రెండూ ఒకే గంపలో! కదలకుండా కట్టేసే 'హోల్డ్ పర్సన్' మంత్రం జిన్ మీద పనిచేయదు, 'హోల్డ్ మాన్‌స్టర్' కావాలి. అంటే పర్సన్ అనిపించుకోవడానికి బుద్ధి చాలదు, తగిన ఒళ్లు ఉండాలి. పుట్టుకని బట్టి మనిషిని లెక్కగట్టడం మనకేం కొత్త కాదు కదా.

"రూల్స్ బ్యాలెన్స్ కోసమే" అంటారు. కావచ్చు. కానీ పేరు పెట్టాక చెయ్యి ఊరుకోదు.

మాది డోంగ్లి, మంజీర వైపు. తెలుగులో భూతమంటే పంచభూతాల్లో ఒకటి, దయ్యం కూడా. అల్లావుద్దీన్ దీపంలోంచి వచ్చేదీ భూతమే. మన భాషా కలగలిపేసింది, ఒప్పుకుంటా. కానీ మా నానమ్మ ఏటిలో గంగమ్మతో మాట్లాడేది, బిందెలో నీళ్లతో కాదు. ఆ తేడా ఆమెకి తెలుసు.

దేనితో తయారైందో ఒక గడిలో రాయండి. మాటిచ్చి నిలబెట్టుకోగలదా అన్నది ఇంకో గడిలో రాయండి. కత్తి తీసేముందు రెండోది చదవండి.