షార్ట్ సర్క్యూట్ అని రాస్తే సరిపోదు

2025 మే 18, ఆదివారం ఉదయం. చార్మినార్‌కు కూతవేటు దూరంలోని గుల్జార్ హౌజ్‌లో ఒక పాత భవనం అంటుకుంది. కింద ముత్యాల దుకాణాలు, పైన నివాసం. లోపలికి సొరంగంలాంటి ఇరుకు దారి, పైకి మీటరు వెడల్పున్న ఒకే ఒక్క మెట్లదారి. 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది పసిపిల్లలు. ప్రాథమికంగా అధికారులు చెప్పిన కారణం షార్ట్ సర్క్యూట్.

ఆ తర్వాత చర్చంతా మెట్లదారి మీదా, ఫైరింజన్ల మీదా సాగింది. అవీ అడగాల్సిన ప్రశ్నలే. అయితే ‘షార్ట్ సర్క్యూట్’ అనే మాట దగ్గరే విచారణ ఆగిపోవడం మనకు అలవాటైపోయింది. వైరును ఎలుక కొరకవచ్చు, గోడలోకి చెమ్మ దిగవచ్చు, తొడుగు పెళుసుబారి రాలిపోవచ్చు. ఏ ఇంట్లోనైనా ఎప్పుడో ఒకప్పుడు తీగకు తీగ తగులుతుంది. తగిలిన క్షణమే కరెంటును తెంచేయడానికే బోర్డులో ఫ్యూజో, ఎంసీబీ అనే ఆటోమేటిక్ స్విచ్చో పెడతారు. అది తన పని తాను చేస్తే చాలాసార్లు ఇంట్లో లైట్లు ఆరిపోవడంతో కథ ముగుస్తుంది. మరి ఆపాల్సింది ఎందుకు ఆపలేదు? గుల్జార్ హౌజ్‌లో ఏం జరిగిందో తేల్చాల్సింది దర్యాప్తే. ఈ ప్రశ్న మాత్రం పాతబస్తీలో శాలిబండ నుంచి హుస్సేనీ ఆలం దాకా ప్రతి పాత ఇంటి గడపలోనూ వేయవలసిందే.

పాత ఇళ్ల మెయిన్ బోర్డును దగ్గరగా చూస్తే చాలా సంగతులు బయటపడతాయి. చెక్క పలక మీద తెల్ల పింగాణీ ఫ్యూజులు, వాటి అంచున నల్లటి మాడు మరక. ఫ్యూజు ఊడదీస్తే లోపల ఫ్యూజ్ వైరుకు బదులు మామూలు కేబుల్‌లోంచి లాగిన రాగి పోగులు. 5 ఆంపియర్ల ఫ్యూజుకు వేయాల్సిన తీగ మందం దాదాపు 0.2 మిల్లీమీటర్లు, 15 ఆంపియర్లకు 0.5. ‘ఫ్యూజ్ మాటిమాటికీ పోతోంది’ అని కేబుల్ పోగులు మూడు మెలిపెట్టి కడితే 30 ఆంపియర్లు దాటినా అది కరగదు. గోడలోని ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం వైరు భరించగలిగేది అందులో దాదాపు సగమే. అంటే ఫ్యూజు కంటే ముందు గోడలోని వైరే కాలుతుంది.

అంతకంటే ప్రమాదకరమైనది న్యూట్రల్‌కు కూడా విడిగా ఫ్యూజు పెట్టడం. ఆ ఫ్యూజు పోతే ఫ్యాను ఆగుతుంది, బల్బు ఆరుతుంది, కరెంటు లేదనుకుని మనిషి చేయి పెడతాడు. ఫేజు మాత్రం అలాగే ఉంటుంది. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలే దీన్ని నిషేధించాయి. ఏడు దశాబ్దాలు కావస్తున్నా ఈ ఏర్పాటు ఇంకా గోడల మీద కనిపిస్తోందంటే, ఆ నిబంధన ఇంటి గుమ్మం దాటి లోపలికి రాలేదన్నమాట.

ఈ వైరింగ్ వేసిన కాలానికి ఇంట్లో నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో. ఇప్పుడు అదే తీగల మీద ఒకటిన్నర టన్ను ఏసీ, రెండు కిలోవాట్ల గీజరు, ఇస్త్రీపెట్టె, ఫ్రిజ్ నడుస్తున్నాయి. గీజరు ఒక్కటే 8 ఆంపియర్లకు పైగా లాగుతుంది.

ఎంసీబీ పెడితే ఓవర్‌లోడు నుంచి, షార్ట్ నుంచి రక్షణ. కానీ మనిషి ఒంట్లోంచి నేలకు పారే కొద్దిపాటి కరెంటును అది గుర్తించలేదు. ఆ పని ఆర్‌సీసీబీది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనలు, చిన్న లోడు కనెక్షన్లను మినహాయించి, ఇళ్లలో 30 మిల్లీ ఆంపియర్లకు మించకుండా తెగే ఇలాంటి పరికరం ఉండాలంటున్నాయి.

బోర్డులో పరికరాలు మార్చినంత మాత్రాన ఇల్లు భద్రమైనట్టు కాదు. పాత సన్న వైరుకు 32 ఆంపియర్ల ఎంసీబీ బిగిస్తే అది రాగి పోగుల ఫ్యూజుతో సమానం. వదులైన స్క్రూ దగ్గర రేగే నిప్పురవ్వను ఎంసీబీ కూడా, ఆర్‌సీసీబీ కూడా పసిగట్టలేవు. ఎర్తింగ్ లేకపోతే పైతొడుగుకు కరెంటు పాకిన ఫ్రిజ్ ఎవరో తాకేదాకా బయటపడదు. వైరు, ఎర్తింగ్, బోర్డు మూడూ కలిపి చూడగల లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ కావాలి, ఆయన పరీక్షించి సంతకం పెట్టిన కాగితం కావాలి.

ఇక్కడే వ్యవస్థ చేతులు దులుపుకుంటోంది. కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఒక పరీక్ష. ఆ తర్వాత మీటరు దాటి లోపలున్నదంతా యజమాని బాధ్యత. 15 మీటర్లు దాటిన భవనాలైతే విద్యుత్ తనిఖీ శాఖ దృష్టికి వస్తాయి. పాతబస్తీ గల్లీల్లో రెండంతస్తుల ఇళ్లు ఆ లెక్కలోకే రావు. తాతల పేరు మీదే మీటరు, అన్నదమ్ముల మధ్య వాటాలు తేలని ఇల్లు, ఒక్కో గదిలో ఒక్కో కిరాయి కుటుంబం. ఇలాంటిచోట బోర్డు మార్చే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

ఇంగ్లండ్‌లో 2020 నాటి నిబంధనల ప్రకారం అద్దె ఇంటి వైరింగ్‌ను కనీసం అయిదేళ్లకోసారి యజమాని తనిఖీ చేయించాలి. ఫ్రాన్స్‌లో 2009 నుంచి, పదిహేనేళ్లు దాటిన వైరింగ్ ఉన్న ఇల్లు అమ్మాలంటే తనిఖీ నివేదిక జతచేయాలి. అమ్మకానికి ముడిపెట్టే ఫ్రెంచి పద్ధతి వారసత్వంగా చేతులు మారే ఇళ్లలో పెద్దగా పనిచేయదు. ఇక్కడ విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) సిబ్బంది ఎలాగూ ఇంటికి వచ్చే సందర్భాలను వాడుకోవాలి. మీటరు మార్చినప్పుడు, పేరు మార్చినప్పుడు, లోడు పెంచినప్పుడు లోపలి బోర్డును కూడా చూసి నివేదిక ఇవ్వాలి.

డబ్బు మాటకొస్తే, 2024 నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాల 200 యూనిట్ల లోపు వాడకానికి బిల్లు తెలంగాణ ప్రభుత్వమే భరిస్తోంది. అద్దెకున్నవారినీ ఆ పథకంలో చేర్చుకుంది. ఏ మీటరు వెనక ఏ కుటుంబం ఉందో చెప్పే జాబితా అలా ప్రభుత్వం చేతిలోనే ఉంది. ఒక ఆర్‌సీసీబీ, నాలుగు ఎంసీబీలు, సరైన ఎర్తింగ్ కోసం ఒక్కో ఇంటికి ఒకేసారి సాయం చేయడానికి కొత్త సర్వే అక్కర్లేదు. చార్మినార్ చుట్టుపక్కల ఇళ్లతో మొదలుపెట్టి, మార్చిలో ఏసీలు ఆన్ అయ్యేలోపు మొదటి విడత పూర్తి చేయాలి.