పరదేశంలో పసివాని వేలు పట్టుకొని

దేశాటనం విజ్ఞానదాయకమని పెద్దలు అంటారు. కాని పసిబిడ్డను వెంటబెట్టుకొని విదేశానికి వెళ్ళే తలిదండ్రులలో పలువురు ఆ విజ్ఞానాన్ని తూచి కొనే సరకుగా భావించడం శోచనీయం. ఇంత సొమ్ము వెచ్చించి వచ్చాము గనుక ఇన్ని కట్టడాలు చూచి తీరవలెనన్నది వారి లెక్క. ఆ లెక్కలో బిడ్డ ఆకలికి, అలసటకు, అన్నింటికంటె ముఖ్యంగా వాని ప్రశ్నకు తావుండదు. బిడ్డతో చేసే నగర సందర్శనాన్ని స్థలాల సంఖ్యతో గాక, వాని ప్రశ్నలకు మనమిచ్చే సమాధానాలతో కొలవాలని నా అభిప్రాయం. ఇందుకు ఇస్తాంబుల్ నగరాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

ఆ నగరపు పాత భాగంలో మహా కట్టడాలెన్నో కూతవేటు దూరంలోనే ఉన్నాయి. పెద్దలు అన్నింటినీ ఒక్క దినంలో ముగించజూస్తారు. ఏడేండ్ల బిడ్డకు పూటకు ఒక్కటి చాలు. ఆరవ శతాబ్దిలో జస్టీనియన్ చక్రవర్తి నిర్మింపజేసిన భూగర్భ జలాశయాన్నే చూడండి. తొమ్మిది మీటర్ల ఎత్తున 336 స్తంభాలు కప్పును మోస్తుంటాయి. రెండు స్తంభాల అడుగున, గ్రీకు పురాణాలలో పాములే కురులుగా గల మెడూసా శిరస్సులున్నాయి. ఒకటి తలక్రిందులుగా, మరొకటి ప్రక్కకు ఒరిగి ఉంటుంది. ఎందుకలా పెట్టారని బిడ్డ అడగక మానడు. కారణం ఇదమిత్థమని నిర్ధారించే ఆధారం లేదు. "తెలియదు నాయనా, నీకేమి తోస్తున్నది?" అనడానికి సంకోచమెందుకు? పెద్దలకు తెలియనివీ ఉంటాయని గ్రహించిన బిడ్డ, తానే వెదకడం నేర్చుకుంటాడు.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న అయాసోఫియాలో ఎదురవుతుంది. "ఇది ఎవరిది?" అని బిడ్డ అడిగితే, అధికులు తమకు ప్రియమైన సగం చరిత్ర చెప్పి ఊరుకుంటారు. నిజానికి అది 537లో పూర్తయిన క్రైస్తవాలయం. 558లో గుమ్మటం కూలగా మరల కట్టారు. 1453లో మసీదయింది. పదహారవ శతాబ్దిలో, గోడలు బలహీనపడినప్పుడు వాటికి దన్నుగోడలు కట్టించి నిలబెట్టినవాడు ఉస్మానీ వాస్తుశిల్పి సినాన్. 1935లో వస్తు ప్రదర్శనశాలగా తెరిచారు. 2020లో తిరిగి మసీదుగా మార్చారు. ఈ మార్పులను హర్షించినవారూ ఉన్నారు, బాధపడినవారూ ఉన్నారు. ఇదంతా బిడ్డకు చెప్పవలసినదే. ఒక మతంవారు కట్టినదానిని మరొక మతంవారు కూలకుండా కాపాడారన్నది ఎంత సత్యమో, గెలిచినవారు ఓడినవారి ఆలయాన్ని తమదిగా చేసుకొన్నారన్నదీ అంతే సత్యం. సగం చెబితే బిడ్డ మనస్సుకు గోడ కట్టినవారమవుతాము. పూర్తిగా చెబితే కిటికీ తెరిచినవారమవుతాము.

విశ్రాంతి కూడ విద్యయే. ఐరోపా తీరంలో ఓడ ఎక్కి, నువ్వులద్దిన సిమిట్ రొట్టె తింటూ, వెంటవచ్చే సముద్రపక్షులను చూస్తూ అరగంటలోపే ఆసియా చేరవచ్చు. రెండు ఖండాలను కలిపే ఆ ప్రయాణం ఏ భూగోళ పాఠానికీ తీసిపోదు. బోస్ఫరస్ తీరాన దోల్మాబాహ్చే ప్రాసాదం కనిపించినప్పుడు, హైదరాబాదు బిడ్డకు ఒక కథ చెప్పవచ్చు. 1924లో చివరి ఖలీఫాను దేశం నుండి వెళ్ళగొట్టినప్పుడు, ఆయన కుమార్తె దుర్రెషెహ్వార్‌కు పదేండ్లు. 1931లో ఆమె ఏడవ నిజాం కోడలయింది. పురానీ హవేలీ వద్దనున్న పిల్లల ఆసుపత్రి పేరు ఆమెదే. ఊరు విడిచిన ఒక పసిపిల్ల పేరు మరొక ఊరి పసిపిల్లలకు ఆశ్రయమైనదని వింటే, పరాయి నగరం బిడ్డకు పరాయిగా ఉండదు.

తుర్కియేలో 1920 నాటి జాతీయ శాసనసభ ప్రారంభోత్సవ దినమైన ఏప్రిల్ 23ను బాలల దినంగా కూడ జరుపుకుంటారు. రాజ్యాధికార దినంలో బాలలకు భాగమిచ్చిన ఆ దేశంలో, మన యాత్రలో మన బిడ్డకు భాగమివ్వకపోవడం న్యాయమా?

విద్యార్థి మిత్రులారా! రేపు మీరు తలిదండ్రులు, ఉపాధ్యాయులు కాగలరు. విదేశమే పోనక్కరలేదు. చార్మినార్ చెంతనైనా సరే, బిడ్డ ఆగినచోట ఆగండి. వాడు అడిగినదానికి తెలిసినంత నిజం చెప్పండి. ఛాయాచిత్రాలు తగ్గితే తగ్గుగాక, మీరు చెప్పిన నిజం వాని వెంట ఎంతో దూరం వస్తుంది.