ఒక మాట - పెక్కర్థములు

మందమర్రి బొగ్గుగనుల ప్రాంతమున ఒక్క దినము చెవియొగ్గి విన్నచో "షిఫ్టు" అను ఆంగ్లపదము వినఁబడని యిల్లు లేదు. "మావాఁడు షిఫ్టుకుఁ బోయినాఁడు" అని తల్లి చెప్పును. "మొదటి షిఫ్టు ఎక్కివచ్చినది" అని టీకొట్టువాఁడు కుంపటి యెగద్రోయును. "నన్ను మఱియొక బావికి షిఫ్టు చేసినారు" అని కార్మికుఁడు వగచును. "సామాను షిఫ్టు చేయవలెను" అని క్వార్టరు మాఱువాఁడు బండి వెదకును. "మా యూరు షిఫ్టింగులో నున్నదఁట" యని రైతు దిగులుపడును. మాట యొక్కటియే. మొదటి వాక్యమున నది కాలము, రెండవదాన మనుష్యులు, మూఁడవదాన నుద్యోగము, నాల్గవదాన మంచములును బెట్టెలును. కడపటిదాన నది తరతరముల గ్రామము.

ఆంగ్లభాషయందే యీ పదము పెక్కు వేషములు వేసినది. ప్రాచీనాంగ్లమున దీనికిఁ బంచుట, ఏర్పాటు చేయుట యని యర్థము. పిదప మార్చుట, కదలుట యనియు, తంత్రము, సాకు అనియు, స్త్రీల లోవస్త్రమనియు నర్థములు వచ్చి చేరినవి. 1878లో వచ్చిన రెమింగ్టన్ టైపుయంత్రమున పెద్దయక్షరములకై నొక్కెడు మీట కీ పేరు కలిగి, నేఁటి కంప్యూటరు మీటలలోను నిలిచియున్నది. జీవద్భాష కిది దోషము కాదు. మన "పాలు" అను మాట క్షీరమును, భాగమును గూడఁ జెప్పుటలేదా? సందర్భమే యర్థమును దెలుపును. అయితే సందర్భము నెఱిఁగినవానికే యది తెలుపును, ఎఱుఁగనివానిని మోసపుచ్చును.

మేము పరభాషాపదములకు శత్రువులము కాము. ఇంగ్లండునందు స్థాపింపఁబడిన హైదరాబాదు దక్కను కంపెనీ 1886లో గనుల హక్కులను బొందినది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడినది. యంత్రములతోఁ బాటు మాటలును దిగినవి. మన కార్మికులు వానిని గ్రుడ్డిగా మ్రింగలేదు. హాజరుపట్టీకి "మస్టరు" అను మాటను స్వీకరించిరి గాని, బొగ్గుకై త్రవ్విన గోఁతికి మాత్రము నీటికై త్రవ్వినదాని పేరునే పెట్టి "బావి" యనిరి. చదువురానివారని మనము తలంచువారు చేసిన పదసృష్టి యిది. పండితులకైనను ఇంతకంటె మంచిమాట దొరకునా?

షిఫ్టు అను మాటయుఁ బనివేళ యను నర్థమున నట్లే తెలుఁగైనది. దాని వెనుక నొక హక్కు గలదు. భూగర్భమున దినమునకు ఎనిమిది గంటలకు మించి పని చేయింపరాదని 1952 నాఁటి గనుల చట్టము శాసించినది. 1948 నాఁటి కర్మాగారముల చట్టము మఱింత జాగరూకతతో, వంతులవారీగాఁ బనిచేయు మనుష్యుల గుంపునకు వేఱు పేరును, వారు పనిచేయు కాలమునకు షిఫ్టు అను పేరును నిర్ణయించినది. మనుష్యుఁడు వేఱు, కాలము వేఱు అని యెఱిఁగి వ్రాయుటయే చట్టమునకు శోభ.

ఇట్టి జాగరూకత గ్రామములను గదలించు తరుణమున నేల లోపించవలెను? నేఁడు సింగరేణి బొగ్గులో నధికభాగము ఉపరితల గనులనుండియే వచ్చుచున్నది. భూమిని బైనుండి త్రవ్వునప్పుడు దానిపై నున్న యిండ్లు, పొలములు, చెఱువులు, గుళ్లు నిలువవు. ఇంతటి కార్యమునకు "షిఫ్టింగు" అని పేరిడినచో, ఊరు పెట్టెవలె నొకచోట నుండి మఱియొకచోటికిఁ జేరునని తోఁచును. మన భాష యట్లు మఱుఁగుపఱుపదు. తరలుట వేఱు, తరలించుట వేఱు. "తరలింపు" అనఁగానే తరలించువాఁ డెవఁడను ప్రశ్న పుట్టును. పరిహారము వేఱు, పునరావాసము వేఱు. ఒకదాని నిచ్చి రెండవదానిని మఱచుటకు వీలులేదు. షిఫ్టింగు అను మాటలో నీ మూఁడును గలసి, కర్తయుఁ గర్మయుఁ గనఁబడకపోవును.

చట్టము తెలుఁగువారి పక్షముననే యున్నది. 1966 నాఁటి చట్టము తెలుఁగును అధికారభాషగాఁ జేసినది. 2013 నాఁటి భూసేకరణ చట్టము ప్రాథమిక ప్రకటన స్థానికభాషయందుఁ బంచాయతీకి జేరవలెననియు, ఆమోదింపఁబడిన పునరావాస ప్రణాళికయు స్థానికభాషయందే లభింపవలెననియు విధించినది. అయినను తెలుఁగులిపిలో ఆంగ్లపదములను వ్రాసినంత మాత్రమున నది తెలుఁగు కాఁజాలదు. సింగరేణిలో నూటికి 51 వంతులు రాష్ట్రప్రభుత్వమునకు, 49 వంతులు కేంద్రమునకుఁ జెందియున్నవి. ప్రజల సొమ్ముతో నడచు సంస్థ ప్రజల మాటలోఁ బలుకుట ధర్మము.

మేము కోరునది స్వల్పము. పనివేళకు షిఫ్టు అనియే యనుఁడు. వంతు అన్నను సరియే. భూమిని, ఇంటిని, మనుష్యుని గూర్చిన కాగితమున మాత్రము ఎవరు, ఎవరిని, ఎచ్చటినుండి యెచ్చటికి, ఎప్పుడు, ఏ పరిహారముపైఁ దరలింతురో తెలుఁగున విప్పి వ్రాయుఁడు. భూస్వాములకును బట్టణవాసులకును మా మనవి యొక్కటి గలదు. అట్టి కాగితము మీ యూరికి వచ్చినప్పుడు, అందలి ప్రతిపదమునకు నర్థము తెలిసిన పిమ్మటనే సంతకము చేయుఁడు. అక్షరము రాని పొరుగువానికిఁ జదివి వినిపింపుఁడు. మాట పరాయిదైనను మన్నింపవచ్చును గాని, దానివలనఁ బోవు నేల మనది.