ముందు దొర తుపాకి దించండి, తర్వాత మాకు లైసెన్సు ఇయ్యండి



దళితునికి తుపాకి ఎందుకు అని అడిగే ప్రతి అధికారిని మేము ఒక ఎదురు ప్రశ్న అడుగుతున్నం. భూస్వామికి ఎందుకు ఇచ్చిన్రు? ఆయన పొలంల నాట్లు వేసే అక్క చేతిల ఏమున్నది? నారు కట్ట. ఆయన బాయికాడ పనిచేసే అన్న చేతిల ఏమున్నది? పార. నారు కట్టకు, పారకు భయపడి ఆయనకు లైసెన్సు కావలసి వచ్చిందా? ఆస్తి ఉన్నోనికి ప్రాణభయం ఉంటదని సర్కారు నమ్ముతది. ప్రాణం తప్ప ఇంకేమీ లేనోనికి ప్రాణభయం ఉంటదంటే మాత్రం నమ్మదు. ఇదీ ఈ దేశంలో తుపాకి కులం.

మన వాడల్లో చదువుకున్న పిలగాండ్లు ఇప్పుడు అడుగుతున్నరు: "మనమూ ఒక పిస్తోలు కొనుక్కుంటే ఏమైతది? ఏది మంచిది? ఎంతకొస్తది?" ఈ ప్రశ్నను ఎగతాళి చెయ్యొద్దు. భయపెట్టి నోరు మూయించొద్దు. జవాబు చెప్పాలె. చట్టం ఏమంటున్నది, తుపాకి ఏం చేస్తది, ఏం చెయ్యలేదు - అన్నీ చెప్పాలె.

చట్టంల ఉన్నది, ఆచరణల లేదు

1989 అట్రాసిటీ చట్టం కింద 1995 మార్చి 31న కేంద్రం నియమాలు చేసింది. అందులో 3వ నియమం తీసి చదువుండ్రి. అత్యాచారాలు జరిగే ప్రాంతాలను రాష్ట్ర ప్రభుత్వం గుర్తించాలె. అక్కడ అవసరమనుకుంటే ఎస్సీ ఎస్టీలు కానివాళ్ల తుపాకి లైసెన్సులు రద్దు చెయ్యాలె. వాళ్లవే కాదు, వాళ్ల దగ్గరి బంధువులవి, జీతగాళ్లవి, కుటుంబ మిత్రులవి కూడా. ఆ తుపాకులను సర్కారు ఆయుధాగారంల పెట్టించాలె. దొంగ తుపాకులన్నీ పట్టుకోవాలె, వాటి తయారీ ఆపాలె. ఎస్సీ ఎస్టీల ప్రాణాలకు, ఆస్తులకు రక్షణగా అవసరమనుకుంటే వాళ్లకు తుపాకి లైసెన్సులు ఇయ్యాలె.

ఇది మేము కల్పించిన డిమాండు కాదు. భారత ప్రభుత్వం గెజిట్ల అచ్చేసిన మాట. 30 ఏండ్లు దాటింది. "అవసరమనుకుంటే" అన్న ఒక్క ముక్క పట్టుకొని అధికారులు కాలం గడుపుతున్నరు. ఎవరు అనుకోవాలె? ఎన్ని శవాలు లేస్తే అవసరం అనిపిస్తది?

ఎన్నికలు వచ్చినయంటే చాలు, లైసెన్సు తుపాకులు ఠాణాల జమ చెయ్యమని తాఖీదులు వస్తయి. పోలింగు పెట్టె ప్రశాంతంగా ఉండాలని కొన్ని వారాలు తుపాకులు దించగలిగిన సర్కారు, మన వాడ ప్రశాంతంగా ఉండాలని ఎందుకు దించలేదు? ఓటుకు ఉన్న విలువ ఓటరు ప్రాణానికి లేదా?

చరిత్ర ఏం చెప్తున్నది

1946 జులై 4న కడవెండిల దొర గడి నుంచి పేలిన తుపాకికి దొడ్డి కొమరయ్య నేలకొరిగిండు. గడిల తుపాకి, వీధిల కర్ర - తెలంగాణ చరిత్ర అక్కడి నుంచే మర్లబడ్డది. అంబేద్కర్ 1936ల "కుల నిర్మూలన" రాస్తూ చాతుర్వర్ణ్యం గుట్టు విప్పిండు. కింది కులాలకు ఆయుధం లేకుండా చేసిన్రు గనుకనే వాళ్లు తిరగబడలేకపోయిన్రని తేల్చిండు. చదువు నిషేధం, ఆస్తి నిషేధం, ఆయుధం నిషేధం - ఈ మూడూ ఒకే తాళానికి మూడు చెవులు.

అయితే ఇంకో మాట కూడా మర్చిపోవద్దు. 1985 జులై 17న కారంచేడుల ఆరుగురిని చంపింది పిస్తోళ్లతోని కాదు. గొడ్డళ్లు, బరిసెలు. 1991 ఆగస్టు 6న చుండూరుల ఎనిమిది మందిని నరికింది కూడా అట్లనే. హంతకుల బలం ఆయుధంల లేదు. వందల మంది ఒక్కటై రావటంల ఉన్నది, పోలీసులు పక్కకు తప్పుకోవటంల ఉన్నది. అటువంటి గుంపు ముందు ఒక్కని నడుముల ఉన్న ఆరు తూటాల పిస్తోలు ఏం చేస్తది? ఆరు తూటాలు అయిపోతయి, ఏడో మనిషి మిగిలే ఉంటడు.

కారంచేడుకు జవాబుగా వచ్చింది పిస్తోలు కాదు, దళిత మహాసభ. చుండూరు ఊర్లనే ప్రత్యేక కోర్టు పెట్టించింది కూడా ఉద్యమమే. 2007ల ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014ల హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. బీహార్ల లక్ష్మణ్‌పూర్ బాథేల 1997 డిసెంబర్ 1న 58 మందిని కాల్చి చంపిన కేసు కూడా 2013ల పాట్నా హైకోర్టుల కొట్టుకపోయింది. కోర్టులే ఇట్లా చేస్తే పిలగాండ్ల చూపు తుపాకి దిక్కు పోదా? పోతది. అందుకే ఈ మాటలు రాస్తున్నం.

మన మెదక్ సంగతే చూడుండ్రి. 1980ల ఇక్కడి నుంచి పార్లమెంటుకు పోయిన ఇందిరా గాంధీ ఈ దేశ ప్రధాని. ఆమె చుట్టూ ఉన్నన్ని తుపాకులు ఇంకెవరి చుట్టూ ఉండయి. 1984 అక్టోబర్ 31న ఆమెను కాల్చింది బయటోడు కాదు, కాపలా ఉన్నోల్లే - ఒకడు రివాల్వరుతోని, ఇంకొకడు సబ్‌మెషిన్‌గన్‌తోని. తుపాకికి యజమాని ఉండడు. ఎవరి చేతిల ఉంటే వాళ్ల మాట వింటది. ఇది గుర్తుంచుకొని మిగతాది చదువుండ్రి.

తపంచా మాట ఎత్తొద్దు

ముందు కచ్చితంగా చెప్తున్నం: నాటు తపంచా ముట్టొద్దు. తక్కువకు దొరుకుతదని, ఎవరికీ తెల్వదని ఎవడన్నా చెప్తే వాడు మన మనిషి కాదు. ఆ గొట్టం ఏ ఇనుముతో చేసిన్రో తెల్వదు. పేలితే ముందు పోయేది పట్టుకున్నోని చెయ్యి. ఇక చట్టం సంగతి - లైసెన్సు లేని తుపాకి దగ్గర పెట్టుకుంటే ఆయుధాల చట్టం 25వ సెక్షను కింద జైలు. 2019 సవరణతోని ఈ శిక్షలు ఇంకా పెంచిన్రు. తయారు చేసినా, అమ్మినా 7 ఏండ్ల నుంచి యావజ్జీవం దాకా. దొర దగ్గర దొరికితే అది "వేట తుపాకి". మన ఇంట్ల దొరికితే అది ఎన్‌కౌంటర్ కథకు ముడిసరుకు. వాళ్ల చేతికి ఆ కథ మనమే రాసి ఇయ్యొద్దు.

లైసెన్సు వస్తే ఏది తీసుకోవాలె?

మామూలు పౌరులకు చట్టం ఇచ్చేది .32, .22 వంటి చిన్న బోరు, 12 బోరు తుపాకి. సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం, .38 వంటివి నిషేధిత బోరు. సినిమాల చూసిన పిస్తోలు కావాలంటే రాదు.

ఇల్లు, వాడ కాపాడుకోవడానికి అయితే 12 బోరు మేలు. దాన్ని దాచలేరు, అది కనబడతది. ఫలానా ఇంట్ల తుపాకి ఉన్నదని ఊరందరికీ తెలవటమే సగం కాపలా. కోర్టుకు పోయివచ్చే సాక్షికి, ఒంటరిగా తిరిగే సంఘం మనిషికి నడుముల పెట్టుకునేది కావాలంటే రివాల్వరా, పిస్తోలా అని చూడాలె.

కాన్పూరు ఆయుధ కర్మాగారం .32 రివాల్వరును నడుమ విరిచి తెరిస్తే ఆరు గదులూ ఒక్కసారి కంటికి కనబడతయి. తూటా ఉన్నదో లేదో చదువురానోళ్లు కూడా చూసి చెప్పొచ్చు. పిస్తోలు అట్ల కాదు. మ్యాగజైను తీసేసినంక కూడా గొట్టం వెనుక గదిల ఒక తూటా దాక్కొని ఉండొచ్చు. "ఖాళీదే" అనుకొని పేల్చి సొంత మనుషులను పోగొట్టుకున్న ఇండ్లు ప్రపంచంల లెక్కలేనన్ని. పిస్తోలు ఇరుక్కుంటే సరిచేయటానికి కూడా సాధన కావాలె. నెలకొకసారన్నా కాల్చి నేర్చుకునే వీలు లేనోళ్లకు రివాల్వరే మేలు. చేతికి పట్టు కుదరనిది, గుర్రం వెనక్కి లాగే బలం వేలికి చాలనిది ఎంత ఖరీదుదైనా వద్దు.

ఖరీదు మాట వచ్చింది గనుక చెప్తున్నం. 2014 జనవరిల ఆడవాళ్ల రక్షణకని అదే కర్మాగారం "నిర్భీక్" అనే రివాల్వరు తెచ్చింది. బరువు సుమారు అర కిలో, అప్పటి ధర 1,22,360 రూపాయలు. రోజు కూలి 300 అనుకుంటే 408 రోజుల కూలి. తినకుండా, పిల్లలకు పెట్టకుండా ఏడాదికి పైగా పనిచేస్తే ఒక రివాల్వరు. ఢిల్లీల కూర్చొని ఎవరి ధైర్యానికి ఈ ధర కట్టిన్రు? బాయికాడికి ఒంటరిగా పోయే మన ఆడబిడ్డకైతే కాదు.

చేతికొస్తే పాటించాల్సినవి

ఒకటి: ఏ తుపాకి అయినా నిండుగ ఉన్నట్టే లెక్క. ఇప్పుడే ఖాళీ చేసినమన్నా సరే.
రెండు: చంపదలుచుకోని దాని మీదికి గొట్టం తిప్పొద్దు. నవ్వులాటకు కూడా.
మూడు: కాల్చే క్షణం దాకా వేలు గుర్రం మీద పెట్టొద్దు.
నాలుగు: గురి వెనుక ఏమున్నదో చూడాలె. మన వాడల్లో గోడలు పల్చన. తూటా గోడ దాటి పక్కింట్ల పండుకున్న పిల్లకు తగులొచ్చు.

పిస్తోలు ఖాళీ చేసేటప్పుడు మొదలు మ్యాగజైను తీయాలె, తర్వాత పై భాగం వెనక్కి లాగాలె, తర్వాత కంటితో చూసి వేలుతో తడమాలె. వరుస తప్పితే కొత్త తూటా గదిలకు ఎక్కుతది. లుంగీల, అంగీ జేబుల పెట్టుకొని తిరుగుడు బంద్. గుర్రాన్ని పూర్తిగా కప్పే గట్టి తోలు ఒరలనే పెట్టాలె. బయట ఒరలనే ఉంచాలని, నలుగురిల తీసి ఊపరాదని 2016 ఆయుధాల నియమాలు కూడా చెప్తున్నయి. పెండ్లి బరాతుల గాల్లోకి కాల్చుడు దొరల రోగం. మనకు అంటొద్దు. అట్ల కాల్చి మంది ప్రాణం మీదికి తెస్తే రెండేండ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జుర్మానా, లేదా రెండూ.

కల్లు తాగేటోడు, కోపిష్టి, ఇంట్ల భార్యను కొట్టేటోడు - వీళ్లకు సంఘం సిఫారసు చెయ్యొద్దు. దొర మీద లేవని తుపాకి ఇంటి ఆడమనిషి మీద లేస్తే మన ఉద్యమం ఏమైనట్టు? అప్పుల బాధల ఉన్న ఇంట్ల ఇంకా జాగ్రత్త. తుపాకులు ఎక్కువున్న అమెరికాల తుపాకి చావుల్ల సగానికి పైగా ఆత్మహత్యలే. పురుగుమందు డబ్బా చాలు మన ఊర్లను ఏడిపియ్యటానికి. తుపాకిని ఇనుప పెట్టెల తాళం వెయ్యాలె. తూటాలు వేరేచోట, తాళంచెవి యజమాని దగ్గరనే.

ఆత్మరక్షణ హక్కు 2024 జులై 1 నుంచి అమల్లకు వచ్చిన భారతీయ న్యాయ సంహితల కూడా ఉన్నది. కానీ దానికి హద్దున్నది. దాడిని ఆపటానికి ఎంత కావాలో అంతే. పారిపోతున్నోని వెనుక కాల్చితే అది రక్షణ కాదు, హత్య కేసు.

ఇప్పుడు ఏం చెయ్యాలె?

ఒకప్పుడు కలెక్టరును కలవాలంటే మనోళ్లు సంగారెడ్డికి పోవాలె. 2016 అక్టోబర్ 11 నుంచి మెదక్ జిల్లా కేంద్రం మెదక్ పట్టణమే. ఆఫీసు దగ్గరికి వచ్చింది, న్యాయం కూడా రావాలె. ఆయుధాల చట్టం 14వ సెక్షను చదువుకొని పోవుండ్రి. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదని అందులనే ఉన్నది. కాదంటే కారణం రాసి పెట్టాలె, అడిగితే చెప్పాలె. 18వ సెక్షను కింద అప్పీలు చేసుకోవచ్చు. 21 ఏండ్లు నిండాలె, శిక్షణ సర్టిఫికెట్ కావాలె. ఆ శిక్షణ ఖర్చు సర్కారే భరించాలె.

మా డిమాండ్లు ఇవి:

జిల్లాల తుపాకి లైసెన్సులు ఎన్ని, అందుల ఎస్సీ ఎస్టీలవి ఎన్ని - లెక్క బయటపెట్టాలె. ప్రతి సంఘం సమాచార హక్కు కింద ఈ లెక్క అడగాలె.

అట్రాసిటీ కేసు నమోదైన ఊర్లె నిందితుల, వాళ్ల బంధువుల, జీతగాళ్ల లైసెన్సులు వెంటనే రద్దు చేసి తుపాకులు జమ చేయించాలె.

ప్రాణభయం ఉన్న ఫిర్యాదుదారులకు, సాక్షులకు పోలీసు రక్షణ ఇయ్యాలె. ఇయ్యలేకపోతే 3వ నియమం కింద లైసెన్సు, తుపాకి ఖర్చు రెండూ ఇయ్యాలె.

కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకు ఒకసారి కూర్చోవాలె. 3వ నియమం అమలు ప్రతిసారీ ఎజెండాల ఉండాలె.

ఈ నాలుగింటి వరుస చూడుండ్రి. ముందు వాళ్ల తుపాకి దిగాలె. తర్వాత పోలీసు తన పని చెయ్యాలె. అదీ కాకపోతేనే మనకు తుపాకి. మేము తుపాకిని పూజించటం లేదు. దాని బరువు ఒకే దిక్కు మొగ్గి ఉన్నదని చెప్తున్నం. తక్కెడ సరిచెయ్యటానికి రెండు తొవ్వలు: అటు తీసెయ్యాలె, లేదా ఇటు పెట్టాలె. మొదటిదే మా కోరిక. అది చేతకాదంటే సర్కారు రెండోది చేసి తీరాలె.

లైసెన్సు దరఖాస్తు ఒక్కొక్కరు పోయి ఇస్తే మూలకు పడతది. వాడంతా కలిసి పోవుండ్రి. ఊరూరి సంఘం రాందాస్ చౌరస్తాకు రావాలె, అక్కడి నుంచి కలెక్టరాఫీసుకు నడవాలె. చేతుల తుపాకి వద్దు. 3వ నియమం కాగితం చాలు.

జై భీమ్!